నీడ సైట్ ఇచ్చి ఎండ సైట్ తీసుకున్నాను: లేక్ సుపీరియర్ ఒడ్డున సోలార్ ట్రెయిలర్‌తో మూడు రాత్రులు

మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లోని తెలుగువారి మధ్య నా గురించి ఒక మాట తిరుగుతోంది. సోలార్ కంపెనీ వాడెవడో నా రిటైర్మెంట్ డబ్బంతా ఊడ్చుకుపోయాడట, నేను ఇల్లు అమ్ముకున్నానట, ఇప్పుడు ఒక ట్రెయిలర్‌లో కాలం వెళ్లదీస్తున్నానట. ముందుగా దాన్ని సరిదిద్దుతాను. ఇల్లు నాదే, నా పేరునే ఉంది, నిన్ననే పెరట్లో గడ్డి కోయించాను. ఏప్రిల్‌లో వరుసగా కొన్ని రోజులు నేను పొద్దున్నే ఇంటి ముందున్న ట్రెయిలర్‌లోంచి టూత్‌బ్రష్‌తో దిగడం వాకింగ్‌కు వెళ్లేవారెవరో చూశారు. కొత్త బ్యాటరీ చలి రాత్రుల్లో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి నేను అందులో పడుకున్న మాట నిజం. మిగిలిందంతా చూసినవారి ఊహ. ఒక పెద్దామె రెండు డబ్బాల్లో సాంబారు, వంకాయ కూర తెచ్చి, ఏమీ అడగకుండా నా చేయి నిమిరి వెళ్లిపోయింది. కూర బాగుంది. అపోహను మాత్రం అంగీకరించలేను.

నాకు డెబ్బై ఆరేళ్లు. విశాఖపట్నంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయ్యాక ఈ దేశం వచ్చి, డెట్రాయిట్ కార్ల పరిశ్రమలో రంగులను పరీక్షించే ల్యాబ్‌లో రిటైరయ్యే వరకు పనిచేశాను. ఎండకు కారు రంగు ఎంత వేగంగా వెలుస్తుందో కొలవడం నా ఉద్యోగం. ఇక ఈ ప్రయాణానికి కారణం మంచం పక్కన ఉండే ఒక చిన్న యంత్రం. నిద్రలో నా శ్వాస మధ్యమధ్య ఆగుతుంది. అందుకని ముక్కుకు మాస్కు పెట్టుకుని, గాలిని మెల్లగా లోపలికి పంపే సీప్యాప్ మషీన్‌తో పడుకుంటాను. దానికి రాత్రంతా కరెంటు కావాలి. ప్లగ్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు హైవే పక్కన పార్కింగ్ లాట్లలా ఉంటాయి. నేను చూడదలచిన చోట్లలో ప్లగ్‌లు లేవు. అందుకే నిరుడు శరదృతువులో నా పందొమ్మిది అడుగుల ట్రెయిలర్ పైకప్పు మీద ఆరు వందల వాట్ల ప్యానెళ్లు, మంచం కింద లిథియం బ్యాటరీ పెట్టించాను. ఎండ నుంచి ఎంత కరెంటు వస్తోందో, బ్యాటరీలో ఎంత శాతం మిగిలిందో చూపే చిన్న మీటరు తలుపు పక్కనే ఉంటుంది.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. మొత్తం తొమ్మిది వేల డాలర్లకు కొంచెం తక్కువైంది. అందులో ముప్పై శాతం ఫెడరల్ పన్నులో తగ్గింపుగా వచ్చింది. అది చేతికి ఇచ్చే డబ్బు కాదు, మనం కట్టవలసిన పన్నులోంచి తగ్గేది. పన్ను కట్టవలసిన ఆదాయం లేనివారికి వెంటనే ఉపయోగం ఉండదు. నా పన్నులు చూసే కిరణ్ అనే యువకుడు మొదట ఒప్పుకోలేదు.

"ఆంటీ, అది వెహికల్. ఇంటికి పెట్టుకుంటేనే క్రెడిట్."

"అందులో పడుకుంటాను, వండుకుంటాను, టాయిలెట్ ఉంది. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు అద్దెకున్న గదిలో వీటిలో ఎన్ని ఉండేవి?"

"టాయిలెట్ హాల్ చివర ఉండేదాంటీ," అని ఒప్పుకుని, తలవంచుకుని నిబంధనలు చదివాడు. రెండో ఇంటికి కూడా ఈ తగ్గింపు వర్తిస్తుందని, నిద్రకు, వంటకు, మరుగుదొడ్డికి చోటున్న ట్రెయిలర్‌ను నివాసంగా పరిగణించే వీలుందని తేల్చాడు. ఏడాదిలో నేను అందులో గడిపిన రోజుల వివరాలు, బిల్లులు అన్నీ తీసుకుని క్లెయిమ్ చేశాడు. నాకు వచ్చింది కనుక మీకూ వస్తుందని నేను హామీ ఇవ్వలేను. పైగా 2025 ముగిసిన తరువాత పెట్టిన ఖర్చుకు ఈ తగ్గింపు లేదు. గడువులోపల పెట్టించుకుని ఇంకా క్లెయిమ్ చేయనివారు మాత్రం తమ పన్నుల మనిషితో ఒకసారి మాట్లాడడం మంచిది.

కిరణ్‌ను ఒప్పించడం తేలిక. నా కూతురు శైలజను ఒప్పించడం కష్టం. తను మిషిగన్‌లోనే పుట్టి పెరిగి, ఇప్పుడు నేపర్‌విల్‌లో వైద్యురాలిగా పనిచేస్తోంది. నేను ఒంటరిగా అడవిలోకి వెళతానని ఫోన్‌లో చెప్పగానే అడ్డుపడింది.

"అమ్మా, నైట్ బ్యాటరీ డెడ్ అయితే నీకు తెలీదు కూడా. నువ్వు నిద్రలో ఉంటావ్."

"గాలి రాకపోతే మాస్కు లాగేసుకుని లేస్తాను."

"దట్స్ నాట్ ఎ ప్లాన్, అమ్మా."

చివరకు ఆమే షరతు పెట్టింది. మూడు రాత్రులు. ప్లగ్ ఉండకూడదు, జనరేటర్ ఉండకూడదు, ట్రెయిలర్‌ను లాగే నా ట్రక్కు ఇంజన్‌తో చార్జ్ చేయకూడదు. ఒక్క రాత్రి మషీన్ ఆగినా ట్రెయిలర్ అమ్మేయాలి. కొనడానికి ఆమె సహోద్యోగి ఒకతను సిద్ధంగా ఉన్నాడు. ఏ రాత్రి ఎన్ని గంటలు నడిచిందో మషీనే గుర్తుపెట్టుకుంటుంది కనుక నేను సర్దిచెప్పే వీలు లేదు. ఓడితే పోయేది ట్రెయిలర్ ఒక్కటే కాదని నాకు తెలుసు. ఆ తరువాత నా ప్రయాణాలన్నీ ఎవరో ఒకరి కారులో, వెనక సీట్లో, వారికి తీరిక ఉన్న వారంలోనే జరుగుతాయి. అయినా ఒప్పుకున్నాను. నా లెక్క మీద నాకు నమ్మకం ఉంది.

జూన్‌లో ఒక మంగళవారం ఉదయం ఏడింటికి ట్రాయ్ నుంచి బయలుదేరి ఐ-75 మీద ఉత్తరానికి తిరిగాను. ట్రెయిలర్ ఉన్నప్పుడు నేను గంటకు అరవై మైళ్లు దాటను. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనిస్తాను. మాకినా వంతెన వరకు మామూలుగా నాలుగున్నర గంటల దారి నాకు ఆరు గంటలైంది. దారిలో పెట్రోలు పోయించుకోవడానికి ఒకసారి, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తినడానికి ఒకసారి ఆగాను. వంతెన దగ్గర గాలి గట్టిగా ఉంది. టోల్ అవతలి ఒడ్డున, చక్రాల ఇరుసుల లెక్కన తీసుకుంటారు కనుక ట్రెయిలర్‌కు అదనంగా పడుతుంది. ఈవలి ఒడ్డున బండ్లను ఆపి గాలి గురించి హెచ్చరిస్తున్న వంతెన ఉద్యోగిని, నడివయసు స్త్రీ, ముందు నన్ను చూసి, తరువాత వెనకున్న ట్రెయిలర్‌ను చూసింది.

"ఈ గాలిలో ఇరవై మైళ్లు దాటకండి. భయంగా ఉంటే మా డ్రైవర్ వచ్చి అటువైపు దాటిస్తాడు. లేక మీవారు నడుపుతారా?"

"ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఉన్నప్పుడు కూడా ఈ వంతెన మీద నేనే నడిపేదాన్ని. ఆయన కళ్లు మూసుకునేవారు."

"మా ఆయనా అంతే," అని ఆమె నవ్వి ముందుకు వెళ్లమని చేయి ఊపింది. వంతెన మధ్యలో ట్రెయిలర్ ఒకసారి పక్కకు లాగినట్లయింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ముందున్న లారీ వెనక లైట్లు తప్ప మరేమీ చూడకుండా దాటాను. అవతలి ఒడ్డున సెయింట్ ఇగ్నేస్‌లో కాఫీ తాగి, మరో రెండున్నర గంటలు అడవి మధ్యగా నడిపి, సాయంత్రానికి లేక్ సుపీరియర్ ఒడ్డున అటవీ శాఖవారి క్యాంప్‌గ్రౌండ్‌కు చేరాను. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, చేతిపంపు ఉంది. అరవై రెండేళ్లు దాటిన పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి దొరికే సీనియర్ పాస్ చూపితే ఇటువంటి చోట్ల రాత్రి అద్దె సగమే. నాకు పన్నెండు డాలర్ల దరిదాపుల్లో పడింది.

అక్కడ నా సైట్‌ను, అంటే ట్రెయిలర్ నిలుపుకోవడానికి ఇచ్చే స్థలాన్ని, మూడు నెలల ముందే బుక్ చేశాను. వెబ్‌సైట్‌లో ప్రతి సైట్‌కూ నీడ ఎంత ఉందో రాసి ఉంటుంది. నేను వెతికి వెతికి పూర్తి నీడ అని ఉన్నదాన్నే పట్టుకున్నాను. మహావృక్షాల కింద, ఆకాశం కనిపించని చల్లని చోటు. అక్కడ ట్రెయిలర్ నిలిపి ఎంతో తృప్తి పడ్డాను. ట్రెయిలర్ రోజంతా ఎండలో ప్రయాణించి వచ్చినందువల్ల బ్యాటరీ నిండుగా ఉంది. ఇండక్షన్ స్టవ్ మీద అన్నం, టమాటా పప్పు వండుకున్నాను, కెటిల్‌లో నీళ్లు కాచుకున్నాను, చలికి హీటరు వేసుకున్నాను, మషీన్ పెట్టుకుని హాయిగా పడుకున్నాను. తెల్లవారాక మీటరు చూస్తే నలభై రెండు శాతం మిగిలింది. ఎండ రాగానే నిండుతుందిలే అనుకుని సరస్సు ఒడ్డుకు నడకకు వెళ్లాను. నీళ్లు చీలమండలకు తగలగానే కాళ్లు మొద్దుబారాయి. ఇసుక మీద ఆ వేళకు ఒక్క అడుగు గుర్తు లేదు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నలభై శాతం ఉంది. పైనుంచి వస్తున్న కరెంటు పద్దెనిమిది వాట్లు. ఫ్రిజ్‌కు కూడా అది చాలదు.

నేను మీటరు ముందు నిలబడి ఏం జరిగిందో గ్రహించాను. విజయవాడలో పుట్టి పెరిగిన దాన్ని. మా వాళ్లు ఎక్కడికి వెళ్లినా బండి ఆపేముందు చెట్టు వెతుకుతారు. ఇక్కడ కూడా పార్కింగ్ లాట్‌లో ఉన్న ఒకే ఒక్క మొక్క నీడ కోసం దుకాణానికి దూరంగా కారు ఆపి నడిచి వెళ్లే వారెవరో తెలుసుకోవాలంటే పేరు అడగనవసరం లేదు. భౌతికశాస్త్రం చదివి, ఎండను కొలిచి జీతం తీసుకున్న నేను, ఎండతో నడిచే ఇంటిని తీసుకువచ్చి ఆ జిల్లాలోకెల్లా చిక్కటి నీడలో పెట్టాను. లెక్కలో తప్పు లేదు. పొదుపు చేస్తే రెండో రాత్రి ఎలాగో గడుస్తుంది. మూడో రాత్రి గడవదు. తెల్లవారుజామున మషీన్ ఆగుతుంది, శైలజ సహోద్యోగి శనివారం వచ్చి ట్రెయిలర్ తీసుకువెళతాడు.

వెంటనే క్యాంప్ హోస్ట్ డేవ్ దగ్గరికి వెళ్లాను. హోస్ట్ అంటే వేసవంతా అక్కడే తన ట్రెయిలర్‌లో ఉండి క్యాంప్‌గ్రౌండ్‌ను చూసుకునే వాలంటీరు. ఎండ పడే సైట్ ఏదైనా ఖాళీగా ఉందా అని అడిగాను.

"ఎండ పడేదా? ఇక్కడ అందరూ నీడ కోసం నాతో దెబ్బలాడతారు," అన్నాడు డేవ్. "ఖాళీ ఏదీ లేదమ్మా. సరస్సు వైపు మూల సైట్ మొత్తం ఎండే. అందులో టెంట్ వేసుకున్నవాళ్లు పొద్దున్నుంచి మొహాలు మాడ్చుకుని తిరుగుతున్నారు. వాళ్లు ఒప్పుకుంటే మార్చి రాస్తాను."

ఆ టెంట్ ముందు ఇద్దరు ఆడపిల్లలు ఐస్‌బాక్స్ మీద తలలు ఆనించి కూర్చున్నారు. వాళ్ల అమ్మ హారిక పెద్ద తువ్వాలును కొమ్మకూ కారుకూ కట్టి నీడ చేయడానికి ప్రయత్నిస్తోంది. నాన్న వంశీ ఫోన్‌ను ఆకాశంలోకి ఎత్తి సిగ్నల్ కోసం చూస్తున్నాడు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి షికాగోకు విమానంలో వచ్చి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, స్నేహితుల టెంట్ అడిగి తెచ్చుకున్నారు.

"ఫ్రిస్కోల ఎండ సాల్లేదని గీడికి తీస్కొచ్చినవా," అని హారిక ఆయనతో అంటోంది. నన్ను చూసి ఆగింది. "ఆంటీ, మీరు తెలుగువాళ్లేనా? ఒక్కరే వచ్చిండ్రా?"

"ఒక్కదాన్నే."

"అయ్యో."

"అయ్యో ఎందుకమ్మా?" అని నేను విషయానికి వచ్చాను. "నా సైట్ అంతా చెట్ల నీడ. పిల్లలకు చల్లగా ఉంటుంది. మీరు అక్కడికి వెళ్లండి, నేను ఇక్కడికి వస్తాను."

ఆ పిల్లలు తలలు ఎత్తారు. వంశీ మాత్రం రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"వద్దాంటీ, మీరు పెద్దవాళ్లు. మీ నీడ మేం లాక్కుని మిమ్మల్ని ఎండలో కూర్చోబెట్టామంటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"నాకు ఎండే కావాలి బాబూ."

"మీరు అట్లనే అంటరు ఆంటీ. పిల్లల్ని చూసి జాలిపడి అంటున్నరు. మేం అడ్జస్ట్ అయితం," అంది హారిక.

నేను ఎంత గట్టిగా అడిగితే వారికి నా త్యాగం అంత పెద్దదిగా కనిపిస్తోంది. ఎండలో నిలబడి మరో పది నిమిషాలు ఈ మర్యాదలే సాగాయి. వంశీ నాకు కుర్చీ వేశాడు, హారిక చల్లని నిమ్మరసం ఇచ్చింది. సైట్ మాత్రం ఇవ్వలేదు. చివరకు నిమ్మరసం గ్లాసు కింద పెట్టి లేచాను.

"ఇద్దరూ నాతో రండి. మీకు ఒకటి చూపిస్తాను."

ట్రెయిలర్ తలుపు తీసి మీటరు చూపించాను. వంశీ వంగి చూశాడు.

"పద్దెనిమిది వాట్లా? ఆంటీ, ఇది మా ఫోన్ ఛార్జర్ కన్నా తక్కువ."

"పైన ఉన్నవి ఆరు వందల వాట్ల ప్యానెళ్లు. రాత్రి నేను ఊపిరి తీసుకునే మషీన్ దీని మీదే నడవాలి. ఇప్పుడు చెప్పండి. పెద్దదాన్ని అడుగుతున్నాను, ఇవ్వనంటారా?"

హారిక మొగుడి వైపు తిరిగింది. "నిలబడి సూస్తవేంది? టెంట్ పీకు."

డేవ్ వచ్చి ఇద్దరి పేర్లూ మార్చి రాసుకున్నాడు. నీడ వదిలి ఎండ కోరుకున్న మనిషిని చూడడం ఇదే మొదటిసారి అన్నాడు. ఆ మూల సైట్‌లోకి ట్రెయిలర్‌ను వెనక్కి నడపాలి. ఒకవైపు బండరాయి, మరోవైపు చేతిపంపు. వంశీ తాళాల కోసం చేయి చాపాడు. "నేను పెడతాలెండి ఆంటీ, మీరు దిగండి."

"నువ్వు ఎప్పుడైనా ట్రెయిలర్ వెనక్కి నడిపావా?"

"లేదు. యూట్యూబ్‌లో చూశాను."

"అయితే ఆ బండ పక్కన నిలబడు, నాకు అద్దంలో కనిపించేలా. ఏమీ చెప్పకు."

ఒక్కసారి ముందుకు లాగి సరిచేసుకుని, రెండోసారికి సరిగ్గా మధ్యలో నిలిపాను. డేవ్ టోపీ తీశాడు. అప్పుడు సుమారు రెండు గంటలైంది. తలుపు తీసి చూస్తే మీటరు మీద నాలుగు వందల డెబ్బై వాట్లు. జూన్‌లో ఆ ప్రాంతంలో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగు ఉంటుంది. నేను వంటను గ్యాస్ మీదకు మార్చి, మషీన్‌లో గాలిని తేమ చేసే చిన్న హీటరును ఆపేశాను. మషీన్ వాడే కరెంటులో ఎక్కువ భాగం దానికే పోతుంది. నీళ్ల మీద ఎర్రటి వెలుగు మిగిలి ఉండగానే బ్యాటరీ ఎనభై దాటింది. సరస్సు గాలికి ఇటువైపు దోమలు కూడా తక్కువే. ఆ రాత్రి మషీన్ ఆగలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికల్లా బ్యాటరీ నిండిపోయింది, ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు వృథాగా పోతోంది. నేను ఇంటి దగ్గరే నానబెట్టి, నీళ్లు వంచి ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చుకున్న పెసలు తీసి మిక్సీలో రుబ్బాను. ట్రెయిలర్ బయట బల్ల మీద ఇండక్షన్ స్టవ్ పెట్టి పెసరట్లు వేశాను. అడవి నడుమ మిక్సీ మోత విని డేవ్ ఏమైందోనని పరుగున వచ్చాడు. అల్లం పచ్చిమిర్చి ముక్కలు తగిలి దగ్గు వచ్చినా రెండో అట్టు కూడా తిన్నాడు. హారిక పిల్లల్లో పెద్దది మీటరు ముందు కూర్చుని, నేను అట్టు వేసినప్పుడల్లా అంకె ఎంతకు తగ్గుతోందో అరిచి చెప్పింది. తొమ్మిది అట్లు వేసినా చీకటి పడేసరికి తొంభై శాతం ఉంది. తేమ హీటరు కూడా వేసుకుని పడుకున్నాను. మూడో రాత్రి కూడా మషీన్ ఆగలేదు.

తిరుగు దారిలో సెయింట్ ఇగ్నేస్‌లో సిగ్నల్ అందగానే మషీన్ తెరను ఫోటో తీసి శైలజకు పంపాను. మూడు రాత్రులు, ప్రతి రాత్రీ ఏడు గంటలకు పైనే. వెంటనే ఫోన్ చేసింది.

"ఓకే అమ్మా. యూ విన్. నిజంగా హ్యాపీగా ఉంది. కానీ ఇది సమ్మర్ కదా, లాంగ్ డేస్. చిన్న ట్రిప్స్ ఓకే. పెద్దవి వద్దు. ఫాల్‌లో నువ్వూ నేనూ కూర్చుని డిసైడ్ చేద్దాం."

"అలాగే, ఫోన్ పెట్టు, వంతెన దాటాలి," అన్నాను.

ఈ వయసులో మన కొలతలు ఇతరులు నిర్ణయిస్తారు. ఎంత ఉప్పు, ఎంత దూరం, ఎన్ని మెట్లు, ఎవరితో. వారందరూ ప్రేమతోనే నిర్ణయిస్తారు, ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఆ మూడు రోజులూ నన్ను శాసించిన కొలత ఒకటే, పైకప్పు మీద పడ్డ వెలుతురు. దాన్ని నేను స్వయంగా చదవగలను, దాని ప్రకారం నా వంట, నా దీపం, నా నిద్ర సర్దుకోగలను, తగ్గినప్పుడు ఏం చేయాలో ఎవరినీ అడగకుండా తేల్చుకోగలను. ఎన్నో ఏళ్ల తరువాత నా ఇంటికి నేనే పూర్తిగా యజమానినన్న భావన కలిగింది. ఆ ఇల్లు పందొమ్మిది అడుగులదైతే ఏం?

ఇటువంటి ప్రయాణం తలపెట్టిన వారికి ఒక్క సూచన. సైట్ బుక్ చేసేటప్పుడు నీడ లేదని రాసి ఉన్నదాన్ని ఎంచుకుని, ఫోటోల్లో దక్షిణం వైపు ఆకాశం ఖాళీగా ఉందో లేదో చూడండి. మనవాళ్ల చేయి అలవాటుగా చెట్లున్న ఫోటో మీదకే వెళుతుంది, వెళ్లనివ్వకండి.

ఇక శైలజ ఫాల్‌లో, అంటే శరదృతువులో, చేద్దామన్న చర్చ. అందుకు అవసరం లేదు. వంతెన ఎక్కేముందే ఆమె సహోద్యోగికి ఫోన్ చేసి ట్రెయిలర్ అమ్మడం లేదని, ఇంకొకటి చూసుకోమని చెప్పాను. ఇంటికి వచ్చాక నీటి పైపులు ఖాళీ చేసి ఇంటిని శీతాకాలానికి మూసే మనిషిని నవంబరు మొదటి వారానికి మాట్లాడుకున్నాను. ఇల్లు మూశాక అరిజోనా ఎడారికి వెళతాను. ట్రెయిలర్లను నెలల తరబడి నిలుపుకోనిచ్చే ప్రభుత్వ భూమి అక్కడ ఉంది, ఏప్రిల్ వరకు ఉంటాను, ఒక్కదాన్నే. శైలజకు తెలుగు చదవడం రాదు. చదవడం వచ్చినవారెవరైనా ఆమె చెవిన వేసేలోపు ఆదివారం నేనే ఫోన్ చేసి చెబుతాను, అనుమతి కోసం కాదు, నేను బయలుదేరే తేదీ ఆమెకు తెలియాలి కనుక.